కుడి పక్క ఫెండర్

కోవిడ్ రావడానికి ముందు ఏడాది వేసవి. ఆరిజోనాలోని చాండ్లర్. బయట కాసేపు నిలబడితే చెప్పుల అడుగులు మెత్తబడే ఎండ. పాత కార్లను పరీక్షించి, అవి ఎంతవరకు అసలైనవో చెప్పడం నా వృత్తి. మెకానికల్‌లో మాస్టర్స్ చేసి ఇదేం పని అని మా వాళ్లందరూ ముక్కున వేలేసుకున్నారు. కొందరు ఆ వేలు ఇప్పటికీ తీయలేదు.

సుదర్శనం గారు చిప్పులు తయారుచేసే కంపెనీలో ఇంజనీరుగా రిటైరయ్యారు. ఆయన గరాజ్‌లో అరవైల నాటి ఇటాలియన్ స్పోర్ట్స్ కారు ఉంది. ఓ చిన్న వర్క్‌షాపులో చేత్తో చేసినవి, వేళ్ల మీద లెక్కపెట్టేటన్నే ఉంటాయి. ఇది ఓడలో కాలిఫోర్నియాకు వచ్చి, కొన్నాళ్లు రేసుల్లో పరుగెత్తి, చేతులు మారి, చివరికి ఎడారి అంచున ఒక రైతు షెడ్డులో గడ్డిమోపుల వెనక పడి ఉండిపోయింది. ఆయన దాన్ని ట్రైలర్ మీద ఇంటికి తెచ్చుకుని, ఉద్యోగం చేసినన్నాళ్లూ తన శని, ఆదివారాలు దానికే ధారపోశారు. ఇప్పుడు ఊపిరితిత్తుల్లో క్యాన్సర్. బాడీ అసలుదేనని తేలితే కారును తీసుకుంటామని ఒక మ్యూజియం వాళ్లు ఒప్పుకున్నారు. తను ఉండగానే అది అక్కడికి చేరాలన్నది ఆయన కోరిక. ఆ సంగతి తేల్చడానికే నన్ను పిలిచారు.

"ఇదిగోనమ్మా పిల్ల," అన్నారు, ముక్కుకు ఆక్సిజన్ ట్యూబుతోనే నవ్వుతూ. "దీన్ని అత్తారింటికి పంపించేస్తే నేను నిశ్చింతగా వెళ్లిపోతా."

ఇంజిన్ సరిపోయింది. ఛాసిస్, అంటే కింది ఉక్కు చట్రం, దాని నంబరు కూడా సరిపోయింది. చివరగా బాడీ. దీనికి నేను ముందు కొలతలు తీయను. కళ్లు మూసుకుని ఫెండర్లను, అంటే చక్రాల మీద ఉబ్బుగా ఉండే రేకును, అరచేత్తో తడుముతాను. ఆ వర్క్‌షాపుల్లో ఎడమ పక్క ఒకరు, కుడి పక్క ఒకరు అల్యూమినియం రేకును సుత్తితో కొట్టి వంపు తెచ్చేవారు. అంతా కంటి కొలతే. అందుకే రెండు పక్కలూ ఎప్పుడూ కచ్చితంగా ఒకేలా ఉండవు. ఆ తేడాయే మాకు సాక్ష్యం.

ఇక్కడ రెండూ ఒకటే. కొలిచి చూశాను. వెంట్రుకవాసి తేడా లేదు.

"అంకుల్, కుడి ఫెండర్ మార్చారా?"

ఆయన మొహం వెలిగిపోయింది. "కనిపెట్టేశావే! ఆ పక్క లైట్ దగ్గర కాస్త వంకరగా ఉండేదమ్మా. మా ఫ్యాబ్‌లో, అదే చిప్పుల ఫ్యాక్టరీలో, అట్లాంటిదొస్తే రిజెక్టే. ఎడమ పక్క స్కాన్ చేయించి, కంప్యూటర్‌లో మిర్రర్ చేసి, కొత్త ప్యానెల్ చేయించా. ఫినిషింగ్ మాత్రం మొత్తం నా చేత్తోనే."

"మరి పాతది?"

"స్క్రాప్‌కిచ్చేశా. ఇంకెందుకది?"

ఎలా చెప్పాలో తెలియక, ఉన్నదున్నట్టు చెప్పేశాను. అది వంకర కాదని, కుడి పక్క రేకు కొట్టిన మనిషి చేతి తీరని.

"అయితే ఆ పక్క మనిషిని నేనే తీసి పారేశానన్నమాట," అన్నారు.

ఆయన కూతురు నీల ఇక్కడే పుట్టి పెరిగిన అమ్మాయి. నా వెనకే నా కారు దాకా వచ్చింది. "ఆంటీ, ప్లీజ్, ఒరిజినల్ అని రాసేయండి. నాన్న హ్యాపీగా ఉంటాడు. ఎవరికీ తెలీదు కదా?"

"మ్యూజియం వాళ్లకి తెలుస్తుందమ్మా. వాళ్లూ చేత్తో తడిమి చూస్తారు."

నిజానికి వాళ్లకు తెలియకపోయినా నేను రాసేదాన్ని కాదు. ఆ పిల్ల ఏడుస్తుంటే నా వృత్తి మీద నాకే అసహ్యం వేసింది. అయినా రిపోర్టులో ఉన్నదే రాశాను. మ్యూజియం వద్దంది.

ఆ తర్వాత ఆయన చుట్టుపక్కల స్క్రాప్ యార్డులన్నిటికీ ఫోన్లు చేశారు. అల్యూమినియం కదా, ఎప్పుడో కరిగించేసి ఉంటారు. "ఈపాటికి ఏ కూల్‌డ్రింకు డబ్బానో అయిపోయుంటాడమ్మా ఆ పక్క మనిషి," అని ఫోన్‌లో నవ్వబోయి దగ్గారు. చలికాలం రాకముందే పోయారు.

పరామర్శకు వెళితే నీల నన్ను గరాజ్‌లోకి తీసుకెళ్లింది. "ఆంటీ, రైట్ సైడ్ ఫినిషింగ్ నాన్న చేశాడు కదా. మరి నాన్న చెయ్యి కూడా తెలుస్తుందా? నాకు చూపించండి."

ఆ అమ్మాయి అరచేతిని ఫెండర్ మీద ఆనించి, లైట్ దగ్గర్నుంచి తలుపు దాకా నెమ్మదిగా నడిపించాను. ఒక్క సొట్ట, ఒక్క గీత, ఆకురాయి జారిన గుర్తు ఒక్కటి తగిలితే చాలని లోలోపల దేవుణ్ణి వేడుకున్నాను. అద్దంలా నున్నగా ఉంది. ఆయన తన పొరపాట్లను కూడా మిగల్చలేదు.

"ఏం లేదా ఆంటీ?"

"లేదమ్మా," అన్నాను. ఆ పిల్ల చెయ్యి తీయలేదు.

ఇప్పుడు ఎవరైనా పాత కారు బాగుచేస్తున్నామంటే, పిలవకపోయినా పని మొదలుకాకముందే వెళ్తున్నాను. పాత రేకు ఏదీ పారేయొద్దని చెబుతాను. ఇంకోటి కూడా చెబుతాను, చాలామంది నవ్వేస్తారు. లోపలి వైపు, ఎవరికీ కనబడని చోట, మీ సుత్తి దెబ్బ ఒకటి అలాగే వదిలేయండి. మీ తర్వాత మీ పిల్లలు దానికోసం వెతుక్కుంటారు.