చెంగల్రాయుడు వెతికిన కార్డు

మా కుప్పం గ్రానైట్ ఆఫీసులో ఫోన్లు, కంప్యూటర్లు చూసుకునేవాడు చెంగల్రాయుడు. నేను అక్కడ గుమాస్తాను, వాడికంటే పదేళ్ళు పెద్ద. మనిషి మంచోడే గానీ ఉడుం పట్టు. వాడితో వాదించేకంటే బండరాయితో వాదించడం మేలని ఎన్నిసార్లు తిట్టుకున్నానో!

వాడి భార్య కౌసల్య రోజూ శాంతిపురం నుంచి బస్సులో క్యారియర్ తెచ్చిచ్చి తిరిగి వెళ్ళేది. ఒంటిగంటన్నరకు ఇల్లు చేరగానే ఇంటి ఫోను నుంచి ఆఫీసుకు మిస్డ్ కాల్ కొట్టేది. రెండు రింగులు, అంతే. చేరినానని అర్థం. ఎత్తకూడదు. అప్పట్లో మా వైపు అందరి పద్ధతీ అదే. మిస్డ్ కాల్ ఎత్తినవాణ్ణి తిక్కోడి కింద జమకట్టేవాళ్ళం.

2005లో ఒకరోజు, ఆమె తిరిగి వెళ్తున్న బస్సును రాళ్ళ లారీ గుద్దింది. ఆమె అక్కడికక్కడే పోయింది. ఆ రోజు ఫోను మోగలేదు. దినం అయ్యాక చెంగల్రాయుడు శాంతిపురం ఇల్లు ఖాళీ చేసి కుప్పంలో గది తీసుకున్నాడు. ఆ ఇంటి ఫోను తీసేయమని అర్జీ రాసింది నేనే.

ఏడాది తిరిగింది. ఒక మధ్యాహ్నం ఒంటిగంటన్నరకు ఆఫీసు ఫోను రెండుసార్లు మోగి ఆగిపోయింది. మరునాడూ అదే వేళకు అంతే. వారం గడిచేసరికి, ఒంటిగంట దాటితే నాకు అన్నం సయించేది కాదు.

"ఎవురో ఆకతాయోళ్ళులేప్పా," అన్నాను.

"ఎవురో నాకు తెలియాల," అన్నాడు.

ఆఫీసు ఫోన్లన్నిటినీ కలిపే మా పాత ఎక్స్ఛేంజి డబ్బా పిలిచినవాళ్ళ నంబరు చూపించదు. కంప్యూటర్‌నే ఎక్స్ఛేంజిగా మార్చే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉందని, అందులో పిలిచినవాళ్ళ నంబరు తెర మీద పడుతుందని ఓనరును ఒప్పించాడు. మా ఐఎస్‌డీఎన్ రకం ఫోను లైనును దానికి కలపాలంటే ఒక కార్డు కావాలి. ఏది పడితే అది పనికిరాదట. కార్డు మీది చిప్పును సాఫ్ట్‌వేర్ గుర్తుపట్టాలట. మదనపల్లెలో దొరికినదాన్ని కంప్యూటర్ గుర్తించనే లేదు. బెంగళూరు నుంచి తెచ్చింది లైను పట్టుకున్నట్టే పట్టుకుని వదిలేసింది. ఇక ప్రతి ఆదివారం రైలెక్కి పాత సామాన్ల అంగళ్ళు గాలించాడు. ఐదు నెలలు! ఓరి నీ పట్టు పాడుగాను!

చివరికి ఒకటి కుదిరింది. సోమవారం బిగించాడు. ఒంటిగంటన్నరకు తెర మీద నంబరు పడింది. అర్జీలో నా చేత్తో రాసిన నంబరది. ఆ ఇంట్లో ఇప్పుడు ఫోనూ లేదు, తీగా లేదు.

రెండో రింగు ఆగకముందే వాడు ఎత్తేశాడు.

"కౌసల్యా?"

నేను పక్కనే ఉన్నాను. నాకూ వినిపించింది, అబద్ధమైతే నా కళ్ళు పోవాలి. ఆమె గొంతే, ఎండలో నడిచొచ్చిన ఆయాసంతో.

"యాల ఎత్తినావు? చేరినానని చెప్పేదానికే గదా కొట్టేది. ఇంగ కొట్టను పో."

మరునాడు మోగలేదు. ఆ మరునాడూ లేదు. నాలుగో రోజు వాడు ఆ కార్డు పీకేసి పాత డబ్బా తగిలించాడు. ఓనరు అరిచినా పట్టించుకోలేదు. ఫోను ముందు కూర్చుని, రెండు చేతులూ తొడల కింద పెట్టుకున్నాడు.

"ఇంగ ఎత్తనులే," అన్నాడు ఫోనుతో. "ఎవురని గూడా సూడను. కొట్టు, కౌసల్యా."