బేగంపేటకా, హకీంపేటకా?

"మొగడు పానం ఇడుస్తుంటె భాగ్యమ్మ గాలిమోటర్ల తమాష చూసుకుంట నిలవడ్డదట!" అని మాదాపూర్ బావి దగ్గర ఆడవాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు. భాగ్యమ్మ విననట్టే బిందె ఎత్తుకుంటుంది. పొద్దెక్కేసరికి జామపండ్ల గంపతో బాలానగర్ బస్టాపులో కూర్చుని, ఒక్కొక్క పండూ కొంగుతో తుడిచి, పచ్చివి కిందికీ దోరవి పైకీ సర్దుతుంది. విమానం మోత వినబడితే ఆ చెయ్యి ఆగిపోతుంది. అది ఏ దిక్కున వాలుతుందో చూశాక గాని మళ్ళీ పండు ముట్టదు.

ఒకనాడు ఫ్యాక్టరీ గుమాస్తా భార్య పుణ్యవతి పూలదండతో బస్సు కోసం నిలబడింది. "ఎవరొస్తున్నరమ్మా?" అని అడిగింది భాగ్యమ్మ.

"మా అన్నయ్య, ఢిల్లీ నుంచి. విమానంలో!"

"గాలిమోటరు బేగంపేటకా, హకీంపేటకా? జర అడిగి పో తల్లీ."

పుణ్యవతి నవ్వింది. "హకీంపేట మిలిటరీ వాళ్ళది కదా. అక్కడ మనవాళ్ళెందుకు దిగుతారు?"

"నిజమే బిడ్డా. నడిచి దిగేటోళ్ళు బేగంపేటల దిగుతరు. మంచం మీద పండవెట్టి తెచ్చినోళ్ళను హకీంపేటల దించుతరు," అంటూ భాగ్యమ్మ మంచి పండొకటి ఏరి ఆమె చేతిలో పెట్టింది.

పాకిస్తాన్ యుద్ధంలో గాయపడిన భాగ్యమ్మ భర్త, సిపాయి మొగిలిని విమానంలో తెస్తున్నారని కబురొచ్చిన నాడు, ఊళ్ళో ఎవరూ విమానాలు దిగే చోటు బేగంపేట తప్ప మరొకటి ఎరుగరు. మొగిలిని హకీంపేటలో దించారు. మిలిటరీ దవాఖానలో అతను సాయంత్రం దాకా భార్యను అడుగుతూనే ఉన్నాడు. భాగ్యమ్మ పొద్దుటి నుంచీ సర్వపిండి రొట్టెల మూట చల్లారకుండా కొంగు కింద దాచుకుని, బేగంపేట గేటు దగ్గర అతని కోసమే నిలబడి ఉంది.