మా టెర్రస్ మీద మృగశిర

ఏటా డిసెంబరులో మా అపార్ట్‌మెంట్ వాళ్ల కోసం ఒక చిన్న పుస్తకం తయారు చేస్తాను. వచ్చే ఏడాది ఏ నెలలో, సాయంత్రం ఏడింటికి మా టెర్రస్ మీద నిలబడితే ఆకాశంలో ఏం కనిపిస్తుందో అందులో ఉంటుంది. ఆఫీసులో సాఫ్ట్‌వేర్‌లో తప్పులు పట్టడం నా ఉద్యోగం, ఈ పుస్తకం నా సొంత పిచ్చి. "చుక్కలు చూడాలంటే వికారాబాద్ గుట్టలెక్కాలి గానీ ఇక్కడేం కనిపిస్తాయండీ?" అని నవ్వేవాళ్లున్నారు. నేను ఈ నానక్‌రామ్‌గూడలోనే పుట్టాను. టవర్లు నా తర్వాత వచ్చాయి. నా ఆకాశం కోసం నేనెందుకు ఊరు దాటాలి?

పోయిన ఏడు మిరుగం నాడు, అదే మృగశిర కార్తె మొదలైన రోజు, చేపల పులుసుతో అన్నం తిని అమ్మ నన్ను టెర్రస్ మీదికి లాక్కెళ్లింది.

"ఇయ్యాల మిరుగం గదా, ఆ సుక్కను జర సూపియ్యి" అంది.

ఆ రోజుల్లో సూర్యుడు ఆ నక్షత్రం దగ్గరే ఉంటాడు, పొద్దుతో పాటు అదీ మునిగిపోతుంది, చలికాలంలో గానీ కనపడదు అని చెప్పాను.

"గిన్నేండ్ల సంది దాని పేరు మీద చేపలు తింటున్నం, అది రానే రాదా?" అమ్మ ముఖం చిన్నబోయింది. జనవరిలో చూపిస్తానని మాటిచ్చి, పుస్తకంలో జనవరి పేజీని మృగశిరకే ఇచ్చాను.

దసరాకు మా అసోసియేషన్ వాళ్లు టెర్రస్ గోడ మీద బిల్డింగ్ పేరును మనిషెత్తు అక్షరాల్లో లైట్లతో పెట్టించారు. మృగశిర అంటే మూడు సన్నని చుక్కలు. ఆ వెలుగు పక్కన నిలబడి వాటిని చూడటం కల్ల. జనవరి రాగానే, ఒక్క సాయంత్రం, అరగంట ఆపమని సెక్రటరీని అడిగాను.

"లైట్లు ఆపితే మన బిల్డింగ్ ఎవరికి తెలుస్తుందమ్మా? అమ్మగారికి ఫోన్‌లో చూపించండి, యాప్‌లు ఉన్నాయి కదా" అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. యాప్‌లో చూసేదానికి అమ్మకు నేనెందుకు మాటివ్వడం?

కోపంగా లిఫ్ట్ దగ్గర నిలబడితే ఎదురుగా ఆయన సంతకంతోనే నోటీసు. బాల్కనీల్లో బట్టలు ఆరేయరాదు, టెర్రస్ మీదే ఆరేయాలి. మర్నాడు సాయంత్రం ఇంట్లో దుప్పట్లన్నీ తడిపి పైకి మోశాను. సంగతి విన్న పక్క ఫ్లాట్ భీమవరం ఆవిడ, "మావి కూడా ఉన్నాయండీ, ఎప్పటి నుంచో ఉతకాలి" అని తన బకెట్ తెచ్చింది. అక్షరాలకు మా వైపున తాళ్లు కట్టి వరుసగా ఆరేశాం. రోడ్డు వైపు పేరు వెలుగుతూనే ఉంది. మా వైపు చీకటి పడింది.

ఎవరు చెప్పారో, సెక్రటరీ ఆయాసపడుతూ వచ్చాడు. "ఏంటమ్మా ఇదంతా?"

"బట్టలు ఆరేస్తున్నం సార్. నోటీసు మీదే గదా."

ఆయన దుప్పట్ల వంక చూశాడు, నా వంక చూశాడు. వచ్చిన దారినే దిగిపోయాడు.

అమ్మను పైకి తీసుకొచ్చి తూర్పుకు తిప్పాను. వరుసగా మెరిసే మూడు పెద్ద చుక్కలు, వాటికి కాస్త ఎడమగా, దగ్గర దగ్గరగా మూడు చిన్నవి. అమ్మ చాలాసేపు వెతికింది. నా భుజం మీద చెయ్యి ఒక్కసారి బిగిసింది.

"దొరికిందే" అంది. ఆ గొంతు విని నాకు ఏడుపొచ్చింది.

మర్నాడు అపార్ట్‌మెంట్ గ్రూపులో మెసేజ్ వచ్చింది. సాయంత్రం ఆరు దాటాక టెర్రస్ మీద బట్టలు ఆరేయరాదని కొత్త రూలు. ఈ ఏటి పుస్తకంలో జనవరి పేజీ కింద ఇలా రాశాను: "ఆరేయొద్దన్నారు, పట్టుకోవద్దని అనలేదు. ఇంటికో దుప్పటి తెచ్చుకుని రండి, చేతులతో పట్టుకుని నిలబడదాం."