‘ము’ కింద ఒత్తు

కామారెడ్డి బస్టాండులో ఎల్లారెడ్డి బస్సు ఎక్కి కూర్చోవడం నా వయసు వాళ్లకు ఇప్పుడు చిన్న పరీక్షే. ఆడవాళ్లకు టికెట్టు లేదన్నప్పటి నుంచి బస్సు నిండా మేమే ఉంటున్నాం. మగవాళ్లు వెనక తలుపు దగ్గర పెళ్లికొచ్చిన దూరపు చుట్టాల్లా మొహమాటంగా నిలబడుతున్నారు. మొన్న బుధవారం ఒక చేతిలో ఆధార్ కార్డు, ఇంకో చేతిలో బత్తాయిల సంచి పట్టుకుని ఎలాగో కిటికీ పక్క సీటు సంపాదించాను. పాతికేళ్లు దాటిన ఒకామె వచ్చి నా పక్కన కూర్చుంది. నుదుట పెద్ద బొట్టు, ఒళ్లో ఆరేళ్ల కూతురు, కూతురి పిక్కకు తెల్ల కట్టు. కుక్క కరిచిందట. దవాఖానాలో రెండో సూది వేయించుకుని ఊరికి పోతున్నారు. పిల్ల ఏడుపైతే ఆపింది గానీ ముందున్న సూదిని మరిచిపోలేదు.

“మల్ల ఎన్నడు ఏస్తరు?”

“నాలుగొద్దులు అయినంక.”

“నాకు బుగులైతుందే అమ్మా.”

“బుగులైతే ఏం జేయాలె? చెప్పిన గదా. బయపడ... కుమ్ము.”

అంటూ ఆమె రెండు చూపుడువేళ్లూ తలకు అటూ ఇటూ కొమ్ముల్లా పెట్టుకుని, ముందుకు వంగి, ఎదురు సీటు వెనక రేకును ఉత్తుత్తిగా పొడిచింది. పిల్ల కిసుక్కున నవ్వి, తనూ కొమ్ములు పెట్టుకుని తల్లి డొక్కలో కుమ్మింది. నా ఒళ్లో బత్తాయిల సంచి జారబోతే పట్టుకున్నాను.

“ఆ మాట ఎక్కడ నేర్చుకున్నవమ్మా?” అని అడిగాను.

“గిదా? మా తల్లిగారి ఊర్ల ఒక అవ్వ నేర్పింది. చిన్నగున్నప్పుడు ఆదివారం ఆదివారం రేకుల మందిరం కాడికి ఉరుకుతుంటిమి. పాటలు, కథలు మస్తు చెప్పేది. అవన్నీ మర్శిపోయిన. గిదొక్కటి యాదికున్నది.”

“అర్థం తెలుసా?”

“అర్థం ఏముంటది? బుగులైతే దాన్ని కుమ్మాలె, బర్రె కుమ్మినట్టు.” పిల్ల కట్టు సర్దుతూ, “ఆమె ఉన్నదో లేదో పాపం. మధ్యల్నే బందు జేసింది,” అంది.

నేను పోతున్నది ఆమె దగ్గరికే. బత్తాయిల సంచి మూతి ముడి వేసుకున్నాను. లింగంపేటలో తల్లీకూతుళ్లు దిగిపోయారు. పిల్ల కింద నిలబడి బస్సుకు కూడా ఒకసారి కొమ్ములు చూపించింది.

ఆ అవ్వ మా చిన్నమ్మ, మా అమ్మకు ఆఖరి చెల్లెలు. నాకన్నా పదేళ్లే పెద్దది. ఆ మాట అసలు రూపం ‘భయపడకుము’. మా దేవుని వాక్యంలో ఎన్ని చోట్ల వస్తుందో లెక్కలేదు; నిద్రలో లేపి అడిగినా చెప్పగల మాట. అది కొమ్ములు మొలిపించుకుని ఒక పల్లెలో ఎలా తిరిగిందో చెప్పాలంటే, పదహారు పదిహేడేళ్ల కిందటి నా గొప్పతనం గురించి కొంచెం చెప్పుకోవాలి.

అప్పుడు నేను కామారెడ్డిలో మా సంఘానికి సండే స్కూల్ టీచర్లను తయారుచేసే దాన్ని. బడిలో పంతులమ్మను, పైగా బైబిలు నేర్పే వేదపాఠశాలలో రెండేళ్లు చదివినదాన్ని. ప్రభువు నన్ను ఆ పని కోసమే ఈ పట్టణంలో పెట్టాడని నమ్మేదాన్ని. ఇప్పటికీ నమ్ముతాను, కాకపోతే కొంచెం తల దించుకుని. నెలకో శనివారం చుట్టుపక్కల ఊళ్ల నుంచి ఎనిమిది తొమ్మిదిమంది వచ్చేవాళ్లు. పాఠం ఎలా మొదలుపెట్టాలి, పిల్లల కళ్లలోకి ఎలా చూడాలి, కథ చెబుతూ చేతులు ఎక్కడ పెట్టుకోవాలి, ఇవన్నీ సుద్దముక్కతో గీతలు గీసి మరీ చెప్పేదాన్ని. ఎక్కువమంది పదో తరగతి, ఇంటరు చదివిన ఆడపిల్లలు. నేను ఒక్కొక్కరినీ తీర్చిదిద్దేసరికి పెళ్లి కుదిరేది. నా క్లాసుకు వస్తే తొందరగా సంబంధాలు వస్తాయని తల్లులు చెప్పుకునేవాళ్లట. ఒకామె ఆ నమ్మకంతోనే కూతుర్ని పంపి, లగ్గం అయిన మర్నాడే పుస్తకం వాపసు పంపింది. పెళ్లై పోకుండా నాకు మిగిలింది ఒక్క చిన్నమ్మే. ఆమె అప్పటికే వితంతువు, కూలి మనిషి, మూడో తరగతితో బడి మానేసింది. అక్షరం కింద వేలు పెట్టి, ఒక్కొక్కటే పైకి చదువుకుంటూ పోయేది. వాన వెలిశాక చూరు నుంచి చినుకులు పడ్డట్టు ఉండేది ఆ చదువు.

కానీ పిల్లల ముందు నిలబడితే వేరు. మా పాఠాల పుస్తకం ఎక్కడో సముద్రం ఒడ్డున ఉన్నవాళ్లు రాసింది. తుఫానులో పడవ పాఠం వచ్చినప్పుడు చిన్నమ్మ ఆ సముద్రాన్ని తీసుకొచ్చి నిజాంసాగర్‌లో కలిపేసింది. అంజూరపు చెట్టు ఎలా ఉంటుందో తెలియక సీతాఫలం చెట్టు చేసేసింది. నేను వెళ్లి కూర్చుని విని, బయటికొచ్చాక “చిన్నమ్మా, రాసింది రాసినట్టు చెప్పాలి,” అంటే, “రాసినాయనకు సీతాఫలం ఎర్క లేకుండె బిడ్డా,” అని నన్నే ఓదార్చేది. ఊళ్లో మా సంఘం కాని ఇళ్ల పిల్లలు కూడా వచ్చి ఆ రేకుల మందిరం వసారాలో చెప్పులు విడిచి కూర్చునేవాళ్లు. నాట్లు వేసి వచ్చిన కాళ్లకు బురద ఆరకముందే శనివారం సాయంత్రం చిన్నమ్మ పాఠం బట్టీ పట్టేదని ఆమె చిన్న కూతురు చెప్పేది.

ఆ ఏడాది కంఠతా పట్టే వాక్యాలకు అట్టలు నేనే రాశాను. చొక్కాల డబ్బాల అట్టలు కత్తిరించి, ఎర్ర స్కెచ్‌పెన్నుతో, దూరానికి కనపడాలని లావుగా రాశాను. తొమ్మిది ఊళ్లకు తొమ్మిది కట్టలు. అవి ఇచ్చి పంపాక రెండు నెలలు నేను ఏ ఊరికీ పోలేదు. మా అమ్మాయి కాన్పుకొచ్చింది. టీచర్లను తయారుచేసి పంపడం వరకే నా పని అనుకున్నాను గానీ, పంపాక వెనక నిలబడటం కూడా అందులో ఉందని నాకు తట్టలేదు. తట్టినా మనవడి ఉయ్యాల వదిలి వెళ్లేదాన్ని కాదేమో.

తర్వాత కామారెడ్డిలో మా గుడి ఆవరణలో వాక్యాల పోటీ పెట్టాం. హైదరాబాదు నుంచి ఒక పెద్దాయన న్యాయనిర్ణేతగా వచ్చాడు. ఆయన పక్క కుర్చీ నాది. చిన్నమ్మ తన పదకొండుమంది పిల్లల్ని రెండు ఆటోల్లో కుక్కి తీసుకొచ్చింది. అందరికీ తలనూనె, అందరికీ ఒకే పాపిట. వాళ్ల వంతు రాగానే వరసగా నిలబడి, ఒక్కసారే వేళ్లు తలకు పెట్టుకుని, “బయపడ... కుమ్ము!” అని ముందుకు పొడిచారు. ఆ తర్వాత వాక్యమంతా తప్పు లేకుండా గడగడా చెప్పారు, ఎవరూ వినలేదు. ఆవరణంతా నవ్వు. ఆ నవ్వు మెప్పు అనుకుని పిల్లలు ఇంకోసారి, ఇంకా గట్టిగా కుమ్మారు. పెద్దాయన మైకు దగ్గరికి లాక్కుని, “ముందు ఈ టీచరుగారిని సండే స్కూల్‌కు పంపాలి,” అన్నాడు. చెడ్డవాడేం కాదు, సరదాకే అన్నాడు. చిన్నమ్మ స్తంభం పక్కన కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడి ఉంది. నేనూ నవ్వాను. ఉచ్చారణ అని ఉన్న గడిలో పదికి రెండు వేసి, పెద్దాయన చూసేలా కాగితం జరిపాను.

ఆ తర్వాతి శనివారం చిన్నమ్మ టీచర్ల కూడికకు ముందే వచ్చింది. బొమ్మలు, అట్టలు, అరిగిన రంగుపెన్సిళ్లు, చిన్న గంట ఉన్న సంచి నా బల్ల మీద పెట్టింది.

“నాతోని కాదు బిడ్డా. సదువుకున్నోళ్లను పంపు.”

“ఒక్క తప్పుకే మానేస్తారా చిన్నమ్మా? అందరం నేర్చుకునేవాళ్లమే.”

“నేను నగుబాటైతే ఏమాయె. ఎండల నడుము వంచేదాన్ని, నాకేం సిగ్గు. పిల్లలు నన్ను నమ్మి వచ్చిండ్రు.”

ఆమెకు చాయ్ పెట్టి ఇచ్చి, ఆమె తాగుతుండగా సంచిలోవి తీసి చూశాను. ఆ అట్ట పైనే ఉంది. ‘భయపడ’ దగ్గర అట్ట అంచు వచ్చేసింది. మిగిలిన ‘కుము’ను కింది వరసలో రాశాను. నా లావుపాటి అక్షరాలు, ఎర్ర సిరా. ఆ ‘ము’ కింద మాత్రం సన్నగా, పెన్సిలుతో, వణుకుతూ ఒక ఒత్తు. అక్షరం వెంట అక్షరం చదివే మనిషికి పై వరసలో ఒక మాట, కింది వరసలో ఇంకో మాట. ‘కుము’ అంటే ఏమీ కాదు కాబట్టి, అది ‘కుమ్ము’ అయ్యుంటుందని దిద్దుకుంది. ఆమె నాకు రెండు మూరల దూరంలో కూర్చుని చాయ్ ఊదుకుంటోంది. చెప్పడానికి అరనిమిషం చాలు. చలిమంట దగ్గర నిలబడి, పట్టుబడిన గురువు గురించి ఆ మనిషెవరో నేనెరగను అన్న శిష్యుడి పాఠం నేను ఎన్నిసార్లు చెప్పానో. ఆయనకు చలి ఉంది, చీకటి ఉంది, చుట్టూ సైనికులున్నారు. నా నెత్తి మీద ఫ్యాను తిరుగుతోంది. అట్టను సంచిలో అడుగుకు తోసి మూతి కట్టేశాను.

ఆ ఊరికి తర్వాత ఒక డిగ్రీ అమ్మాయిని పంపాను. ఆరు వారాలకు పెళ్లైంది. ఇంకో అబ్బాయిని పంపాను. ఆదివారం పొద్దున ఆటోలు దొరకవని మానేశాడు. చివరికి నేనే పోయాను, మూడు ఆదివారాలు. గొంతు సవరించుకుని ‘భయపడకుము’ అని విడదీయకుండా పలికించాను. పిల్లలు బుద్ధిగా పలికి, “అవ్వ రాదా?” అని అడిగారు. మొదటి వారం తొమ్మిదిమంది, రెండోవారం అయిదుగురు, మూడోవారం ఇద్దరు, అందులో ఒకడు నిద్రపోయాడు. గడప దగ్గర చేతులు జోడించి ప్రార్థన చేశాను. దేవుడు ఏం చేయాలో నాకు చెప్పాడు కూడా. అదే ఊళ్లో ఉన్న చిన్నమ్మ ఇంటి వైపు నాలుగు అడుగులు వేసి నిజం చెప్పమన్నాడు. నేను కామారెడ్డి బస్సెక్కాను. ఆ వసారాలో ఇప్పుడు ఎరువుల బస్తాలు వేసుకుంటున్నారట.

మొన్న బస్సు దిగి వెళ్లేసరికి చిన్నమ్మ మంచం మీద కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతోంది. మోకాళ్లు పట్టేశాక ఎల్లారెడ్డిలో చిన్న కూతురి దగ్గరే ఉంటోంది. బత్తాయిలు పక్కన పెట్టి బస్సులో సంగతంతా చెప్పాను, ఆమె సంతోషిస్తుందనుకుని.

“ఎవలి బిడ్డ?”

“పేరు అడగలేదు.”

“నువ్వెప్పుడూ అంతే. హాజరు రాసుకుంటవు గని పేరు అడగవు. ఎట్ల చెప్పింది, చేసి చూపియ్యి.”

అరవై దగ్గరికొచ్చిన దాన్ని, వేళ్లు తలకు పెట్టుకుని కుమ్మి చూపించాను. జన్మలో మొదటిసారి. చిన్నమ్మ నవ్వలేదు.

“అయితే తప్పే చెప్పింది,” అంది. “నేను ఇడిశిపెడితే అది ఆగిపోతదనుకున్న. ఇంకా నడుస్తనే ఉన్నదా? బిడ్డకు గుడ నేర్పిందా? గిప్పుడు దాన్ని యాడికని పోయి దిద్దాలె?”

అప్పుడు చెప్పాను. అట్ట సంగతి, అంచు సంగతి, సంచిలో అడుగుకు తోసిన సంగతి. పదిహేడేళ్లు దాచిన మాట చెప్పడానికి అరనిమిషం కూడా పట్టలేదు.

“నీ రాత నాకెర్క లేదా?” అంది చిన్నమ్మ. “ఒత్తు నువ్వు మర్శిపోయినవనుకొని నేనే పెట్టిన. చిన్నప్పటి సంది నీకు ఒత్తులు మర్శిపోయే అలవాటుండె గదా.” ఇంకో చిక్కుడుకాయ తీసి ఈనె లాగింది. “పోటీ అయినంక నేనే తప్పు సదివిననుకున్న. నువ్వు నాడు చెప్తే మల్ల పోతుంటి గదా బిడ్డా.”

ఆ గొంతులో కోపం లేదు. ఉంటే కాళ్లు పట్టుకునేదాన్ని. కోపం లేని మనిషి ముందు ఏం చేయాలో ఏ పాఠంలోనూ నేను ఎవరికీ నేర్పలేదు. వెళ్దాం పద, మళ్లీ మొదలుపెడదాం అందామంటే ఆమె మంచం దిగడానికే ఇద్దరు కావాలి. ఆ పిల్లలు తల్లులైపోయారు.

“ఆ పిల్లకు సూది ఎన్నడు?”

“ఆదివారం.”

“ప్రార్థన చేద్దాం,” అని చిక్కుడుకాయల చేట పక్కకు జరిపి కళ్లు మూసుకుంది. ఆ పేరు తెలియని పిల్లకు బుగులు కానియ్యొద్దని, సూది నొప్పి తెలువనియ్యొద్దని, తల్లి మనసు గట్టిగ ఉంచమని చాలాసేపు అడిగింది. ‘భయపడకుము’ అన్న ఆ ఒక్క మాట మాత్రం ఆమె ప్రార్థనలో రాలేదు. ఇన్నేళ్లుగా ఎప్పుడూ రాలేదని నాకు అప్పుడు గుర్తొచ్చింది. నేను ఆమేన్ అన్నాను, కళ్లు తెరవడానికి కొంచెం ఆలస్యం చేశాను.

అట్ట అంచు దగ్గర మాట ఆగిపోతే మిగిలింది కింది వరసలో రాసుకోవచ్చు. కాలానికి కింది వరస ఉండదని అరవయ్యో ఏట, ఆ మంచం పక్కన కూర్చుని, కూడబలుక్కుని చదువుకున్నాను.