శుక్రవారం సంత

మంగళవారం సంత పోయిన తరువాత ఇప్పలమడుగు ఎందుకు సన్నగిల్లిందో చెప్పడానికి ఆ ఊళ్లో ఎవరి కారణం వాళ్లకు ఉండేది. పెద్ద రోడ్డు పక్కనుంచి పోయిందని కొందరు, జనం ఫోన్లలోనే కొనుక్కుంటున్నారని కొందరు. బట్టల కొట్టు అహ్మద్ పాషా కూడా చాలాకాలం అదే పాట పాడాడు. కానీ అదే రోడ్డుకు అంతే దూరంలో, అవే ఫోన్లు పట్టుకున్న జనంతో, పొరుగున నల్లవాగు ఏటికేడు పచ్చబడుతోంది. అక్కడ కొత్తగా హోటళ్లు లేచాయి. ఇక్కడ ఉన్న ఒక్కటీ మూతపడింది.

పాషాకు అరవై దాటాయి. కొట్టు తండ్రి పెట్టింది. ఈ ఏడూ ఇలాగే గడిస్తే దాన్ని ఎత్తేసి, ఖమ్మంలో తమ్ముడి షోరూంలో జీతానికి చేరాలి. ఆ మాట తలచుకుంటే ఆయనకు అన్నం సయించేది కాదు. ఒక మంగళవారం బండి తీసుకుని, అసలు సంగతేమిటో చూద్దామని నల్లవాగు సంతకు పోయాడు.

రేకుల పందిరి కింద ఎండుచేపల బుట్టల చుట్టూ అడవి పల్లెల ఆడవాళ్లు మూగి ఉన్నారు. ఆ పక్క ఉప్పు, కుండలు, గాజులు. వాటిని దాటాకే బట్టలు. చీపురుకట్టల మోపు దించుకుంటూ పోతయ్య కనిపించాడు. కొండ మీది గూడెం మనిషి, ఒకప్పుడు పాషా కొట్టు తప్ప మరో కొట్టు ఎరగనివాడు.

“ఏం పోతయ్యా, మా ఊరు మర్చినవా?”

“మరువలే సాయబూ. చేప ఏడుంటే మా ఆడోళ్లు గాడికే నడుస్తరు. వాళ్ల ఎన్క మేం. నీ బట్ట ఏడాదికొక్కసారి కొంటం. చేప లేక వారం ఎల్లదు గద.”

ఎండుచేపలను ఇప్పలమడుగు నడివీధి నుంచి ఊరి వాగు అవతలికి వెళ్లగొట్టించింది పాషాయే. వీధికి సిమెంటు రోడ్డు పడిన ఏడు, పెళ్లిచీరలకు కంపు అంటుతోందని కొట్టు కొట్టూ తిరిగి అందరినీ కూడగట్టాడు. అడవి జనం తన బట్టల కోసమే దిగి వస్తున్నారని ఆయన నమ్మకం. చేపలమ్మే ఆడవాళ్లు కొన్ని వారాలు వాగు అవతల ఎండలో మాడి, ఆటో మాట్లాడుకుని నల్లవాగు చేరారు. ఆ ఊరివాళ్లు వాళ్లకు పందిరి వేశారు. మంగళవారం సంత కూడా వాళ్ల వెంటే అక్కడికి మారింది.

ఆ ఆడవాళ్లకు పెద్దదిక్కు పుల్లమ్మ. పాషాను చూడగానే గుర్తుపట్టింది.

“ఏంది పాషన్నా, ముక్కుకు గుడ్డ కట్టుకోకుండనే వచ్చినవ్?”

చుట్టూ ఉన్నవాళ్లు పకపకా నవ్వారు.

“తప్పయింది పుల్లమ్మా. మళ్లా మా ఊరికి రా.”

“నీకు బేరాలు లేకపోయేసరికి నా చేప కంపు పోయిందా?”

“కంపు గట్లనే ఉంది. నాకే బుద్ధొచ్చింది.”

ఆమె కొంచెం మెత్తబడింది. “మంగళారం మాత్రం ఇడిచేది లేదు. ఈ ఊరోళ్లు నీడిచ్చిన్రు, నీళ్లిచ్చిన్రు. వాళ్ల నోట్ల మట్టి కొట్టి రాను.”

అయితే మరో రోజు వెతకాలి. ఆ అడవి అంచున ఒక్కో ఊరికి ఒక్కో రోజు. ఒకరి రోజు మీద మరొకరు పడితే రెండు సంతలూ చెడతాయి. ఇద్దరూ వేళ్లు మడిచి చూసుకున్నారు. మిగిలినవి ఆదివారం, శుక్రవారం.

“ఆదివారం పెడదాం,” అన్నాడు పాషా.

“ఆదివారం మేమంత చర్చికి పోతం. దేవుని దినం అమ్ముకోమంటవా?”

“శుక్రారం నాకు కాదా దేవుని దినం? మా నాయన కాలం నుంచి శుక్రారం కొట్టు బందు.”

“గట్లైతే బందే పెట్టుకో. సంత కావాల్సింది ఎవలకు, నీకా నాకా?”

పాషా గడ్డం నిమురుకుంటూ నిలబడ్డాడు. నమాజు మానమని ఎవరూ అనడం లేదు. కానీ శుక్రవారం తలుపు తీయడమంటే తండ్రి మాట దాటడమే. తలుపు తీయకపోతే తండ్రి కొట్టే ఉండదు.

“సరే. శుక్రారమే.”

“ఇంకోటి. వాగవతల కాదు. నీ కొట్టు అరుగు మీద కూసుంట.”

“అరుగు మీదనే కూసో.”

ఇంట్లో భార్య ఫజిలత్ అంతా విని అడిగిన మొదటి మాట, “మీరు నమాజుకు పోతే గల్లా ముందు ఎవరు కూసుంటరు?”

“అదే ఆలోచిస్తున్న.”

“నేను మనిషిలెక్క కనబడుతలేనా?”

పెళ్లయిననాటి నుంచి ఆమె కొట్టు మెట్లెక్కింది పండుగ బట్టలు ఎంచుకోవడానికే.

శుక్రవారం వచ్చేలోగా పాషా బండి మీద గూడెం గూడెం తిరిగి చెప్పి వచ్చాడు. కొందరు తలూపారు, కొందరు నవ్వి ఊరుకున్నారు.

పుల్లమ్మ అన్న మాట ప్రకారం వచ్చింది. తక్కిన ఆడవాళ్లు రాలేదు. పొద్దెక్కాక పోతయ్య భార్య మరో ముగ్గురితో కొండ దిగింది. చేపలు కొన్నారు. కొట్టులోకి తొంగి చూసి, ఫజిలత్ పరిచిన చీర అంచు వేళ్లతో నలిపి, దాన్ని అక్కడే ఉంచి వెళ్లిపోయారు. పాషా నమాజు నుంచి వచ్చేసరికి బుట్ట సగం కూడా తరగలేదు.

“ఆటో కిరాయి కూడ ఎల్లలేదు పాషన్నా. మా ఆడోళ్లకు పోయి ఏం చెప్పాలె?”

“కొండ దిగొచ్చిన్రని చెప్పు.”

“నలుగురు!”

“నలుగురు మనుషులు కాదా?”

ఎండ వాలి అరుగు మీదికి వచ్చింది. పుల్లమ్మ కొంగు నెత్తిన వేసుకుని బుట్టను గోడకు జరుపుకుంది. ఇంకొంచెం ఎండ తగిలితే లేచి వెళ్లిపోయేలా ఉంది. పాషా లోపలికి పోయి మందపాటి టార్పాలిన్ పట్టా తెచ్చాడు. ఒక కొస తన చూరుకు కట్టాడు. రెండో కొసకు పక్కనున్న రవికుమార్ స్టీలు సామాన్ల కొట్టు ముందరి ఇనుప స్తంభం తప్ప ఆధారం లేదు.

“నా కంబానికా?” రవికుమార్ బయటికి వచ్చాడు. “మళ్లా ఆ కంపంత నా కొట్లకు రావాల్నా?”

“వస్తది. దాని ఎన్క మనుషులొస్తరు. వాళ్లకు గిన్నెలు అమ్ముకో.”

“పిచ్చి లేసింది నీకు.”

“అవ్, లేసింది. స్టూలు తే, చెయ్యి అందుతలేదు.”

రవికుమార్ గొణుక్కుంటూనే స్టూలు తెచ్చి, అది కదలకుండా కాలితో అదిమి పట్టాడు. “గీ ఒక్క వారమే,” అన్నాడు.

పాషా తాడును స్తంభానికి రెండు చుట్లు తిప్పి, విప్పాలంటే కోసుకోవలసిందే అన్నట్టు బిగించి ముడివేశాడు. కింద పుల్లమ్మ బుట్టను మళ్లీ ముందుకు జరుపుకుంది.