కండ్ల పరీక్షలో నా చేతి చలవ

ఒక్క మంచి పని చేసి, ఆడపిల్లల హాస్టలు మొత్తాన్ని గుక్కపట్టి ఏడిపించినదాన్ని నేను. నమ్మరా? కూసోండ్రి, చెప్త. విన్నంక నా చేతి చాయ్ తాగుతరో లేదో మీ ఇష్టం.

భద్రాచలం రోడ్డు మీద, అడివి మొదలయ్యే కాడ ఉంటది మా యూనివర్సిటీ. సీటొచ్చింది, సంబురమే. గని హాస్టల్ల అడుగు పెట్టాల్నంటే ఆరోగ్యం రూల్సు మా తాతల నాటి పొలం గెట్టు పంచాయితీ కన్న పొడుగున్నయి. బరువు చూడాలె, రక్తం చూడాలె, టీకాలు వేయించుకోవాలె, కండ్లు చూపించుకోవాలె. అంటురోగం ఉన్నోళ్ళకు గేటు కాన్నించే దండం. ఫిట్‌నెస్ కాయితం మీద డాక్టర్ సంతకం పెట్టించి, ఐదు గంటల లోపల ఆఫీసుల ఇయ్యకపోతే సీటు ఎనకున్నోళ్ళకు పోతది. నేను పోయింది ఆఖరి రోజు.

ఇగ మా అమ్మ సంగతి. మాది కారేపల్లి కాడ మిర్చి పండించే ఇల్లు. "హాస్టల్ కూర చప్పగుంటదట బిడ్డా" అని తెల్లారంగనే చాటెడు ఎండు మిరపకాయలు నా ముందర పోసింది. నేను తొడిమెలు తీసిన, అమ్మ మిక్సీ పట్టింది, కారం డబ్బా సంచిల ఏసుకొని బస్సెక్కిన. చేతులు సబ్బుతోని కడుక్కున్న, అబద్ధమెందుకు? గని మిర్చి మంట సబ్బుకు భయపడతదా?

మా ఇండ్లల్ల పుట్టినోళ్ళకు ఒక అలవాటుంటది. కన్ను దురద పెడితే మోచేతితోనో భుజంతోనో తుడుచుకుంటం గని, చేతిని కంటి దగ్గరికి రానియ్యం. ఎవ్వరూ నేర్పియ్యరు, నడక వచ్చినట్టే వస్తది. మన కండ్లు పదిలం. పక్కోళ్ళ కండ్ల సంగతి ఆ అలవాటుకు తెల్వది.

క్యాంపస్ దవాఖానా ముందర పెద్ద లైను. లోపల హైదరాబాద్ నుంచి వచ్చిన డాక్టర్ మేడం. "ఒక కన్ను చేత్తో మూసుకొని బోర్డు చదువమ్మా" అంటది. పిల్లలేమో వేళ్ళ సందుల నుంచి చూస్తున్నరు.

"మూయమంటే కిటికీ తెరుస్తవేంది?" అని కసురుకుంటది మేడం. మళ్ళ మొదటి నుంచి. లైను కదలదు, గడియారం మాత్రం కదులుతది.

నాకు చిన్నప్పట్నించి ఒక రోగముంది. ఏ ఫిట్‌నెస్ పరీక్షల దొరకదది: అడగని సాయం చేసుడు.

"మేడం, వీళ్ళ కండ్లు నేను మూయాల్నా?" అన్న.

"మంచిదమ్మా, రా. నీ పేరేంది? రజితనా? నీ పరీక్ష ఆఖరున చేద్దాం."

అడగనిదే అమ్మైనా అన్నం పెట్టదంటరు. నేనైతే అడగకుండనే మంట పెట్టిన. ఎనక నిలబడి, అరచెయ్యి గట్టిగ అదిమి, ఒక్కొక్కరికి ఎడమ కన్ను, ఆ తర్వాత కుడి కన్ను. చీమ దూరే సందు గూడ ఇయ్యలే. పనిల మోసం చేసే రకం కాదు నేను. లైను జల్దీ జల్దీ కదిలింది. "ఎంత మంచి పిల్లవమ్మా" అన్నది మేడం. పొంగిపోయిన.

కొంచెం సేపటికి వరండాల ముక్కులు చీదుడు మొదలైంది. మొదటి పిల్ల కన్ను నులుముకున్నది. రెండో పిల్ల నులుముకున్నది. చూసేసరికి బెంచీల మీదున్నోళ్ళందరి కండ్లు పండిన టమాటల లెక్క అయినయి. ఒకామె "అమ్మో" అంటది, ఇంకొకామె "నాకేం కనపడుతలేదు" అంటది. దిగబెట్టనీకి వచ్చిన తల్లులు అది చూసి తాము గూడ ఏడుపు అందుకున్నరు.

మేడం బయటికొచ్చి చూసి రెండడుగులు ఎనక్కు ఏసింది. "కండ్లకలక! ఎవ్వరినీ ముట్టుకోకండి! కలక తగ్గినంక రండి, ఇయ్యాల ఎవ్వరికీ ఫిట్‌నెస్ ఇయ్యను."

"మేడం, ఐదు దాటితే సీటు పోతది!"

"రూల్ రూలే. ఒక్కరికుంటే హాస్టలంత అంటుకుంటది."

అప్పటికి గూడ నాకు అనుమానం రాలే, చూడండ్రి! పైంగ ఏడుస్తున్న ఒక పిల్ల కండ్లు తుడుద్దామని చెయ్యి చాపిన. ఆ పిల్ల పేరు షబానా, ఖమ్మంల వాళ్ళ నాన్నకు మసాలా దుకాణం. నా చెయ్యి గబుక్కున పట్టుకొని వాసన చూసింది.

"పొద్దున ఏం పని చేసినవ్?"

"మిరపకాయల తొడిమెలు తీసిన. ఎందుకు?"

"యా అల్లా! ఇది కలక కాదు, మా దుకాణం!"

లోకమంత చేతులు కాలినంక ఆకులు పట్టుకుంటది. నేను ఊరందరి కండ్లు కాలినంక చేతులు చూసుకున్న. ఎదురుంగ గోడ మీద రూల్సు కాయితం: తోటి విద్యార్థుల ఆరోగ్యానికి హాని చేసినోళ్ళను హాస్టల్ నుంచి పంపేస్తరట. చెప్తే నా సీటు పోతది. చెప్పకపోతే వీళ్ళందరి సీట్లు పోతయి.

"నువ్వు చెప్తవా, నన్ను చెప్పమంటవా?" అన్నది షబానా. సగం మూతపడ్డ కండ్లతోని గూడ మనిషిని గంత గుర్రుగ చూడొచ్చని అప్పుడే తెలిసింది.

చెప్పిన. మేడం నమ్మలే.

"సబ్బుతోని కడిగినంక మంటేంది? దోస్తుల కోసం కథలు చెప్పకు."

"మేడం, మిర్చి సంగతి మీకు తెల్వది."

"అంటురోగం సంగతి నీకు తెల్వది."

ఐదు కావొస్తంది. ఇగ మాటలతోని కాదనుకొని, బుద్ధెరిగినంక మొదటిసారి నా రెండు అరచేతులు నా కండ్ల మీద అదుముకొని, బర్రున రుద్దిన.

ఆ తర్వాత జరిగింది చూసి చెప్పలేను, విని చెప్త. "సిస్టర్, ఈ పిల్ల కండ్లు చూడు! గిప్పటిదాక బాగుండె గద!" అన్నది మేడం. "అవ్ మేడం, మిర్చే" అన్నది సిస్టర్. "క్యాంటీన్ నుంచి చల్లటి పాలు తెప్పియ్యి. కాయితాలన్నీ ఇటియ్యి, జల్దీ!" టకటక సంతకాలు, ఆఫీసు దిక్కు ఉరికే కాళ్ళ చప్పుడు. నాకు ఏడుపుల గూడ నిమ్మళమనిపించింది.

అప్పుడు యాదికొచ్చింది, నా పరీక్ష మిగిలే ఉందని! కండ్లు తెరిస్తే ఎర్రటి మసక తప్ప ఏం లేదు. అయితేంది? పొద్దటి నుంచి అందరి నోట విని విని బోర్డు నాకు ఎక్కాల లెక్క కంఠతా వచ్చింది.

"మేడం, నేను చదువుతున్న చూడండ్రి!" అని, ఆ మసకల ఎదురుంగ తెల్లగ తోచిన దాని దిక్కు తిరిగి, ఒక చేత్తోని కన్ను మూసుకొని అందుకున్న. "ఈ... ఎఫ్, పీ... టీ, ఓ, జెడ్!"

ఎవరో నా భుజం తట్టిన్రు.

"రజితా," అన్నది మేడం మెల్లగ, "బోర్డు తీసి సంచిల పెట్టేసినం."

"మరి నేను చదివింది?"

ఆ తెల్లటిది మాట్లాడింది. "నేను హాస్టల్ వార్డెన్‌ను, ఈ లొల్లి విని వచ్చిన. నా ముఖం మీద జెడ్ ఎక్కడ కనపడ్డదమ్మా?"

ముందుగాల నవ్వింది వార్డెన్ మేడమే. లేకపోతే ఇయ్యాల మిర్చి ఏరుకుంట ఉందును. డాక్టర్ మేడం నవ్వు ఆపుకోలేక, రేపు పొద్దున మళ్ళ కండ్లు చూపియ్యాల్నని రాసి సంతకం పెట్టింది. ఐదు కొట్టకముందే షబానా నన్ను ఆఫీసు దాక గుంజుకపోయింది, నా చేతిని మాత్రం ముట్టకుంట, చున్నీ కొస పట్టుకొని.

అప్పుడే ఒట్టు పెట్టుకున్న. భద్రాద్రి రాముడున్న దిక్కు తిరిగి పెట్టుకుందామనుకున్న గని ఏ దిక్కో కనపడలే, షబానానే తిప్పి నిలబెట్టింది. రామచంద్రా, ఇగ జన్మల పరుల కన్ను నేను మూయ. ఎవరి కన్ను వాళ్ళే మూసుకోవాలె. దాగుడుమూతలాడే పిల్లలొచ్చి "అత్తా, వీని కండ్లు మూయవా" అని కాళ్ళ మీద పడినా సరే, మూయ గాక మూయ.