కుడితి అన్న నోరు

జమున చెడ్డదని సిరిసిల్లలో ఎవరూ అనరు. మగ్గాలకు నూలు కండెలు చుట్టీ చుట్టీ వేళ్లు కాయలు కాచాయి గానీ నోరు మెత్తనిదే. ఒక్క మాట దగ్గర మాత్రం ఆమెది పాము పగ. పన్నెండేళ్లయినా చల్లారలేదు.

అప్పుడు కోరుట్లలో ఆడబిడ్డ స్వర్ణలత కొత్తింట్లోకి దిగింది. స్వర్ణలత తల్లి, అంటే జమున అత్త బాలవ్వకు షుగరు. అందుకని జమున తెల్లవారుతూనే జొన్న రవ్వ ఉడికించి గట్క వండి, డబ్బాలో పెట్టుకుని అత్తతో బస్సెక్కింది. బగారా అన్నం తింటున్న చుట్టాల ముందు మూత తీసిందో లేదో, స్వర్ణలత డబ్బా లాక్కుంది.

"మనుషులు తింటరా గీ కుడితి?"

అని, పక్కింటి బర్రె తొట్టిలో గుమ్మరించి వచ్చింది. బంతి బంతంతా నవ్వింది. బాలవ్వ ఆ పూట బగారానే తింది. జమున ఖాళీ డబ్బా ఒళ్లో పెట్టుకుని ఇల్లు చేరింది. ఆ మాట మళ్లీ నలుగురి ముందు ఆ నోటితోనే పలికించాలని బస్సులోనే ఒట్టు పెట్టుకుంది.

కాలం ఊరుకుంటుందా? స్వర్ణలత నూరు కిలోలకు దగ్గర పడింది, షుగరూ వచ్చింది. ఫోనులో ఒకడు అన్నం మాని నెయ్యి తాగమన్నాడు, తాగింది. ఇంకొకడు నెయ్యి విషమన్నాడు, మాని పండ్ల మీద పడింది. మూడోవాడు పొద్దూకితే నోరు కట్టుకోమన్నాడు, కట్టుకుని తెల్లారి రెండింతలు తింది. చివరికి జగిత్యాల డాక్టరు అన్నం తగ్గించి జొన్న గట్క తినమన్నాడట. ఎంత తినాలో కూడా చెప్పే ఉంటాడు. ఈమె చెవులు గట్క దగ్గరే ఆగిపోయాయి.

వండటం రాదాయె. ఆయాసపడుతూ సిరిసిల్ల వచ్చి తమ్ముడి గడపలో కూలబడి, ఇంత గట్క పెట్టమంది. పక్కింటి సత్యవ్వ, ఇంకో నలుగురు ఆడవాళ్లు అక్కడే కండెలు చుడుతున్నారు. ఇంతకన్నా మంచి బంతి దొరకదనుకుంది జమున. పొయ్యి మీద గట్క ఉడుకుతోంది. గంటె పట్టుకుని వదిన ముందు నిలబడింది.

"కుడితి పెట్టు జమునా అని అడుగు వదినె. పెడత."

కండెలు చుట్టే చేతులు ఆగాయి. స్వర్ణలత బిత్తరపోయి చూసింది.

"కుడితేందే? నేనెప్పుడన్న గా మాట?" అని నవ్వేసింది. "ఆకలైతాంది. సరే, కుడితే పెట్టు జమునా."

సిగ్గు లేదు, గుర్తూ లేదు. పన్నెండేళ్లు జమున కడుపులో మోసిన మాట ఆమెకు ఉత్త గాలి. జమునకు అరికాలి మంట నెత్తికెక్కింది. గంటెడు గట్క పెట్టి చల్ల పోసింది. స్వర్ణలత లొట్టలు వేస్తూ తిని, ఇది ఎంత తిన్నా ఏం కాదట కదా అంటూ పళ్లెం చాపింది. రెండో గంటె పడింది, మూడోదీ పడింది. సత్యవ్వ ఏదో అనబోతే జమున కళ్లతోనే ఆపింది.

"దినాం గింత తినొచ్చునా?" అని అడిగింది స్వర్ణలత.

"కడుపు నిండ తిను వదినె. మనుషులు తినేదే."

బాలవ్వ బతికున్నన్నాళ్లు జమున ఆమెకు పూటకు ఒక్క గంటెడే పెట్టింది. రెండోది అడిగితే షుగరు లేస్తుందని కుండ దాచేసేది. ఆ సంగతి వదినకు చెప్పలేదు.